మినీ ట్రాక్టర్ల టైర్లలో గాలి దిగడం: మాచర్ల ప్రాంతంలో కారణాలు, గుర్తింపు, మరమ్మతు

సారాంశం

పత్తి, మిరప పైర్లలో అంతరకృషికి వాడే మినీ ట్రాక్టర్ల టైర్లలో గాలి నెమ్మదిగా దిగిపోవడం మాచర్ల పరిసర గ్రామాల్లో తరచుగా కనిపించే సమస్య. గాలి తగ్గిన ప్రతిసారీ మళ్లీ కొట్టించి పని సాగించడం అలవాటుగా మారింది. అయితే గాలి కొట్టించడం మరమ్మతు కాదు. గాలి ఎక్కడి నుంచి పోతున్నదో తెలుసుకుని ఆ లోపాన్ని సరిచేయకపోతే ట్యూబు, టైరు, రిమ్ము వరుసగా దెబ్బతింటాయి. పదును దాటిపోయే రోజున పని నిలిచిపోతుంది. ఈ వ్యాసంలో ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన కారణాలు, లోపాన్ని గుర్తించే పద్ధతి, మరమ్మతు క్రమం, పాటించవలసిన జాగ్రత్తలు వివరించబడ్డాయి.

ఉపోద్ఘాతం

పల్నాడు జిల్లాలోని మాచర్ల, దుర్గి, రెంటచింతల, వెల్దుర్తి మండలాల్లో పత్తి, మిరప ముఖ్యమైన వాణిజ్య పంటలు. నాగార్జునసాగర్ కుడి కాలువ నీరు అందే భూముల్లోనూ, వర్షాధార భూముల్లోనూ సాలు మధ్య దున్నకం, కలుపు తీత సకాలంలో జరగకపోతే దిగుబడి తగ్గుతుంది. వాన పడిన తరువాత నల్లరేగడి నేలలో యంత్రం దిగడానికి అనువైన పదును కొద్ది రోజులే ఉంటుంది. అంతకుముందు దిగితే చక్రం కూరుకుపోతుంది, ఆ తరువాత నేల గట్టిపడుతుంది. ఆ కొద్ది రోజుల్లో టైరు మూలపడితే రైతు నష్టపోయేది పంక్చరు ఖర్చు మాత్రమే కాదు, ఆ తడవ అంతరకృషి మొత్తం.

గాలి టైరు వ్యవసాయానికి వచ్చి ఇంకా వందేళ్లు కాలేదు. తొలినాటి ట్రాక్టర్లు ఇనుప చక్రాలపై నడిచేవి. 1932లో అమెరికాలో అల్లిస్ చామర్స్ సంస్థ తన మోడల్ యు ట్రాక్టరుకు గాలి టైర్లు అమర్చి అమ్మకానికి తెచ్చింది. నేలపై పట్టు, వేగం, ఇంధన పొదుపు, నడిపేవారి సౌఖ్యం దీనివల్ల మెరుగుపడ్డాయి. ఆ ప్రయోజనాలన్నీ టైరులో సరైన ఒత్తిడితో గాలి నిలిచి ఉన్నంతవరకే దక్కుతాయి.

గాలి తగ్గితే కలిగే నష్టాలు

వెనుక చక్రాలు రెండింటిలో ఒకదానిలో గాలి తగ్గినప్పుడు ఆ చక్రం వ్యాసార్ధం తగ్గి యంత్రం ఆ వైపు వాలుతుంది. స్టీరింగు ఒక పక్కకు లాగుతుంది. గుంటక లేదా గొర్రు ఒక వైపు లోతుగా, మరొక వైపు పైపైన దిగుతుంది. ఇరుకు సాళ్లలో మిరప మొక్కల వేళ్లు తెగడానికి, కొమ్మలు విరగడానికి ఇది ఒక కారణం.

టైరు లోపల జరిగే నష్టం ఇంతకంటే తీవ్రమైనది. గాలి తగ్గిన టైరు పక్క గోడలు ప్రతి చుట్టులోనూ ఎక్కువగా మడతపడి వేడెక్కుతాయి. లోపలి నైలాను దారపు పొరలు విడిపోతాయి. భారం లాగేటప్పుడు రిమ్ము ముందుకు తిరుగుతుంది, టైరు వెనుకబడి జారుతుంది. టైరుతో పాటు ట్యూబు కూడా జరుగుతుంది కాని, దాని వాల్వు కాడ రిమ్ము రంధ్రంలో చిక్కుకుని ఉంటుంది. ఫలితంగా కాడ మొదలు వద్ద రబ్బరు చిరుగుతుంది. ఇలా చిరిగిన ట్యూబుకు ప్యాచ్ నిలవదు, కొత్త ట్యూబు వేయవలసిందే. మొదట చిన్న ముల్లు గుచ్చుకుని వచ్చిన లోపం చివరకు ట్యూబు మార్పిడికి దారితీసే క్రమం ఇదే.

దీనికి వ్యతిరేకమైన పొరపాటు మరొకటి ఉంది. రేపటికి ఎలాగూ దిగుతుందని ముందుగానే ఎక్కువ గాలి కొట్టించడం కొందరి అలవాటు. గాలి ఎక్కువైన టైరు నేలను తాకే వైశాల్యం తగ్గి, చక్రం అక్కడికక్కడే తిరుగుతుంది. టైరు నేలపై కలిగించే ఒత్తిడి దాదాపు టైరులోని గాలి ఒత్తిడిని అనుసరించి ఉంటుంది కనుక, తడి రేగడి నేల గట్టిగా అణిగిపోతుంది. అణిగిన సాలులో వేరు లోతుకు పోదు, నీరు ఇంకదు. కనుక గాలి దిగే టైరును ఎక్కువ గాలితో సరిపెట్టడం లోపాన్ని టైరు నుంచి పొలానికి మార్చడమే అవుతుంది.

ఈ ప్రాంతంలో ప్రధాన కారణాలు

1. సర్కారు తుమ్మ ముళ్లు: డొంకలు, చెరువు గట్లు, బీడు భూముల వెంట సర్కారు తుమ్మ దట్టంగా పెరుగుతుంది. దీని ముల్లు 5 సెంటీమీటర్ల పొడవు దాకా ఉండి, ఎండినకొద్దీ గట్టిపడుతుంది. డొంకల్లో కొట్టి పడవేసిన కంపపై నుంచి చక్రం పోతే ఒకేసారి పలు ముళ్లు దిగుతాయి. ముల్లు మొన టైరులోనే విరిగి ఉండిపోవడం దీని ప్రత్యేకత. నల్లతుమ్మ, రేగు కంపలు కూడా ఇదే విధమైన హాని చేస్తాయి.

2. పత్తి, మిరప మోళ్లు: పత్తి కట్టెను కొడవలితో ఏటవాలుగా కోసినప్పుడు మిగిలే మోడు మొన తేలి ఉంటుంది. ఎండిన మోడు ముందు చక్రాల పక్క గోడను చీలుస్తుంది. టైరు పక్క గోడ నేలను తాకే భాగం కంటే పలుచన. అక్కడ పడిన చీలికకు శాశ్వతమైన మరమ్మతు కష్టం.

3. నాపరాతి ముక్కలు: మాచర్ల పరిసరాలు సున్నపురాతి ప్రాంతం. నాపరాళ్ల గనుల నుంచి, కోత పనుల నుంచి మిగిలిన పదునైన ముక్కలను దారుల గుంతల్లో పోయడం పరిపాటి. ఇవి టైరులోకి పూర్తిగా దిగకపోయినా రబ్బరును కోసి, ముల్లు సులువుగా దిగడానికి దారి చేస్తాయి.

4. ఎండ: రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రతలు నమోదయ్యే చోట్లలో రెంటచింతల ఒకటి. వేసవిలో నెలల తరబడి ఆరుబయట నిలిపిన యంత్రం టైర్ల పక్క గోడల్లో సన్నని పగుళ్లు వస్తాయి. ట్యూబుకు పాత ప్యాచ్ ఉంటే దాని అంచు లేస్తుంది.

5. వాల్వు లోపాలు: మూత లేని వాల్వులోకి దుమ్ము, బురద చేరి పిన్ను సరిగా మూసుకోదు. టైర్లలో బరువు కోసం నీరు నింపినచోట, సున్నం ఎక్కువగా ఉన్న బోరు నీటి వల్ల పిన్నుపై పొర కట్టి గాలి సన్నగా పోతుంది.

గాలి దిగిందా, ఉష్ణోగ్రత తగ్గిందా?

మరమ్మతుకు ముందు తేల్చుకోవలసిన మొదటి విషయం గాలి నిజంగా బయటకు పోతున్నదా అన్నది. మూసి ఉన్న గాలి ఒత్తిడి ఉష్ణోగ్రతతో మారుతుంది. మధ్యాహ్నం టైరులోని గాలి 45 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉన్నప్పుడు గేజీలో 15 పౌండ్లు చూపిందనుకుందాం. మరునాడు తెల్లవారుజామున అదే గాలి 25 డిగ్రీలకు చల్లబడితే గేజీ సుమారు 13 పౌండ్లే చూపుతుంది. ఒక్క బుడగ గాలి కూడా పోకుండానే 2 పౌండ్లు తగ్గినట్లు కనిపిస్తుంది. ఇక్కడ పౌండు అంటే వాడుకలో ఉన్నట్లుగా చదరపు అంగుళానికి ఒక పౌండు ఒత్తిడి.

అందువల్ల గాలిని ఎల్లప్పుడూ ఉదయం, యంత్రం కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. అనుమానం ఉన్న టైరును వరుసగా మూడు రోజులు ఒకే వేళకు, ఒకే గేజీతో కొలిచి రాసుకోవాలి. రెండో వైపు టైరును కూడా కొలవాలి. రెండూ సమానంగా తగ్గితే అది చాలావరకు ఉష్ణోగ్రత ప్రభావం. ఒకటే తగ్గుతూ పోతే అందులో లోపం ఉన్నట్లే. టైరును కాలితో తన్ని లేదా చూపుతో అంచనా వేయడం నమ్మదగినది కాదు. వెనుక టైర్లలో ఒత్తిడి తక్కువ కనుక రెండు మూడు పౌండ్ల తేడా కూడా పెద్ద భాగమే, అయినా అది కంటికి ఆనదు.

ఎంత గాలి ఉండాలన్నది టైరు కొలత, పొరల సంఖ్య, మోసే బరువును బట్టి మారుతుంది. పొలం పనిలో వెనుక టైర్లకు సాధారణంగా 12 నుంచి 16 పౌండ్ల మధ్య ఉంటుంది. ముందు టైర్లకు అంతకంటే ఎక్కువ అవసరం. యంత్రంతో ఇచ్చిన పుస్తకంలోని అంకెనే ప్రమాణంగా తీసుకోవాలి.

దిగే వేగాన్ని బట్టి కారణం

గాలి ఎంత వేగంగా దిగుతున్నదో గమనిస్తే లోపం ఎక్కడ ఉండవచ్చో కొంతవరకు ఊహించవచ్చు.

- కొన్ని నిమిషాల్లో దిగితే: వాల్వు కాడ మొదలు చిరగడం, మేకు లేదా మోడు వల్ల పెద్ద రంధ్రం.
- ఒక రాత్రిలో దిగితే: ముల్లు రంధ్రం, పాత ప్యాచ్ అంచు లేవడం.
- రెండు మూడు రోజుల్లో దిగితే: వాల్వు పిన్ను వదులు, పిన్నులో దుమ్ము, అతి సన్నని ముల్లు రంధ్రం.
- వారాల మీద తగ్గితే: రబ్బరు గుండా సహజంగా గాలి పోవడం. సహజ రబ్బరు ట్యూబుల కంటే బ్యుటైలు రబ్బరు ట్యూబులు గాలిని ఎన్నో రెట్లు బాగా నిలుపుతాయి.
- యంత్రం పని చేసినప్పుడే దిగి, నిలిపి ఉంచితే దిగకపోతే: టైరులో ఇరుక్కున్న ముల్లు మొన చక్రం తిరిగేటప్పుడు మాత్రమే ట్యూబును గుచ్చుతుండటం, లేదా టైరు రిమ్ముపై జారుతుండటం.

లోపాన్ని వెదికే క్రమం

చక్రం విప్పక ముందే చేయదగిన పరీక్షలు మూడు ఉన్నాయి. సులువైన దానితో మొదలుపెట్టాలి.

మొదటిది వాల్వు పరీక్ష. వాల్వు పైకి వచ్చేలా చక్రాన్ని తిప్పి, మూత తీసి, సబ్బు నురగను వాల్వు నోటిపై రాయాలి. బుడగ ఉబ్బితే పిన్నును బిగించాలి. అయినా ఆగకపోతే పిన్ను మార్చాలి. ఇది అతి తక్కువ ఖర్చుతో పోయే లోపం. దీన్ని చూడకుండా చక్రం విప్పడం వల్ల శ్రమ వృథా అవుతుంది. తరువాత కాడ మొదలు చుట్టూ నురగ రాసి, కాడను నెమ్మదిగా అటూ ఇటూ వంచి చూడాలి. వంచినప్పుడు బుడగలు వస్తే కాడ మొదలు చిరిగినట్లే.

రెండవది జారుడు పరీక్ష. వాల్వు కాడ రిమ్ము రంధ్రంలో నిటారుగా కాక ఒరిగి ఉంటే టైరు జారినట్లు గ్రహించాలి. ముందుజాగ్రత్తగా రిమ్ము మీద, దాని పక్కనే టైరు మీద కలిపి ఒక తెల్లరంగు గీత గీయాలి. కొద్ది రోజుల పని తరువాత గీత రెండుగా విడిపోయి కనిపిస్తే టైరు జారుతున్నట్లు రుజువవుతుంది.

మూడవది ఉపరితల పరీక్ష. చక్రాన్ని జాకీపై లేపి నెమ్మదిగా తిప్పుతూ రబ్బరు గట్ల మధ్య మట్టిని గీకి, ముళ్లను, మేకులను, కోతలను గమనించాలి. కనిపించిన ప్రతి చోట సుద్దతో గుర్తు పెట్టాలి. ట్యూబు ఉన్న టైరులో బుడగలు కనిపించిన చోటే రంధ్రం ఉండకపోవచ్చు. ట్యూబు నుంచి పోయిన గాలి టైరు లోపల తిరిగి రిమ్ము అంచు నుంచి గాని, వాల్వు రంధ్రం నుంచి గాని బయటపడుతుంది.

మరమ్మతు విధానం

చక్రం విప్పేటప్పుడు యంత్రాన్ని చదునైన గట్టి నేలపై నిలిపి, మిగిలిన చక్రాలకు ముందూ వెనుకా రాళ్లు లేదా దుంగలు అడ్డుపెట్టాలి. జాకీ కింద మందపాటి చెక్క ఉంచాలి. జాకీ ఒక్కదానిపైనే ఆధారపడకుండా ఇరుసు కింద దిమ్మె పెట్టాలి. వాల్వు పిన్నును పూర్తిగా తీసి గాలి అంతా పోయిన తరువాతనే టైరు అంచును రిమ్ము నుంచి విడదీయాలి.

ట్యూబును బయటకు తీసే ముందు వాల్వుకు ఎదురుగా టైరుపై గుర్తు పెట్టాలి. ట్యూబులో రంధ్రం దొరికిన తరువాత, ఈ గుర్తు ఆధారంగా టైరులో ముల్లు ఉన్న చోటు సులువుగా తెలుస్తుంది. ట్యూబులో కొద్దిగా గాలి నింపి నీటి తొట్టిలో కొంచెం కొంచెంగా ముంచి చూడాలి. ఒక రంధ్రం దొరకగానే ఆపకుండా ట్యూబు మొత్తం చూడాలి. కంపపై నడిచిన చక్రంలో రెండు మూడు రంధ్రాలుండటం మామూలే.

ఈ దశలో చాలామంది వదిలివేసే పని టైరు లోపలి భాగాన్ని వెదకడం. ట్యూబుకు ప్యాచ్ వేసి, టైరులో ముల్లు మొనను అలాగే వదిలితే నాలుగు రోజుల్లో అదే మొన ట్యూబును మళ్లీ గుచ్చుతుంది. ప్యాచ్ నిలవలేదని, ట్యూబు నాసిరకమని అనుకోవడం తరచుగా జరుగుతుంది గాని, అసలు దోషం టైరులో మిగిలిన మొనదే. పాత నూలు గుడ్డను ఉండగా చుట్టి టైరు లోపల చుట్టూ నెమ్మదిగా తుడిస్తే మొన ఉన్నచోట పోగులు తగులుకుంటాయి. ఒట్టి చేత్తో తడమరాదు. దొరికిన మొనను సన్నని పట్టకారుతో లాగాలి, లేదా లోపలి నుంచి సన్నని ఇనుప చువ్వతో బయటకు నెట్టాలి.

ప్యాచ్ వేయడంలో క్రమం ఇలా ఉండాలి:

1. రంధ్రం చుట్టూ ప్యాచ్ కంటే కొంచెం ఎక్కువ వెడల్పున గరుకు కాగితంతో రాపిడి చేసి, పైమెరుపు పోగొట్టాలి.
2. రబ్బరు పొడిని శుభ్రంగా తుడవాలి. చేతి చెమట, నూనె, నీరు తగలనీయరాదు.
3. సొల్యూషన్‌ను పలుచగా, సమానంగా పూసి, వేలికి అంటుకోకుండా కొద్దిగా జిగురుగా అనిపించేవరకు ఆరనివ్వాలి. తడిగా ఉండగానే ప్యాచ్ అంటించడం అది లేచిపోవడానికి ముఖ్య కారణం.
4. ప్యాచ్‌ను మధ్య నుంచి అంచులకు గట్టిగా రుద్ది లోపలి గాలిని వెళ్లగొట్టాలి.
5. మళ్లీ గాలి నింపి నీటిలో పరీక్షించి, ఆరిన తరువాత టాల్కం పొడి చల్లాలి.

వేడి ప్యాచ్ పద్ధతిలో పచ్చి రబ్బరును వేడితో ట్యూబుకు అతికిస్తారు. చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో కనుగొన్న, గంధకంతో రబ్బరును వేడి చేసి గట్టిపరచే ప్రక్రియే దీనికి మూలం. ఎండ ఎక్కువగా ఉండే ప్రాంతంలో వేడి ప్యాచ్ బాగా నిలుస్తుంది. అయితే వేడి మితిమీరితే ప్యాచ్ చుట్టూ రబ్బరు పెళుసవుతుంది.

టైరులో కోత పెద్దదిగా ఉంటే లోపలి నుంచి గేటరు అతికించాలి. లేకపోతే ట్యూబు కోతలోకి ఉబ్బి పగులుతుంది. రిమ్ము తుప్పును ఇనుప బ్రష్షుతో గీకి రంగు వేయాలి. టైరు ఎక్కించేటప్పుడు అంచుకు సబ్బు నీరు రాయాలి. గ్రీజు, డీజిలు రబ్బరును పాడుచేస్తాయి కనుక వాడరాదు. ట్యూబులో కొద్దిగా గాలి నింపి గుండ్రంగా ఉంచితే లివరు కింద నలగదు. టైరు పక్కనున్న బాణం గుర్తు, చక్రం ముందుకు తిరిగే దిశను చూపేలా బిగించాలి.

ట్యూబు లేని టైర్లు

అమెరికా వంటి దేశాల్లో ఇళ్ల ముందరి పచ్చిక కోయడానికి, మనిషి కూర్చుని నడిపే చిన్న యంత్రాలు వాడుకలో ఉన్నాయి. వాటి టైర్లు చాలావరకు ట్యూబు లేనివి. ఆ యంత్రాలు నెలల తరబడి కదలకుండా ఉండటం వల్ల రిమ్ము అంచున తుప్పు చేరి అక్కడి నుంచి గాలి పోవడం సాధారణ లోపం. అంచును విడదీసి తుప్పు గీకడం, రబ్బరు బిరడా దిగగొట్టడం, గాలిని నిలిపే ద్రవం పోయడం, చివరకు ట్యూబు వేయడం అక్కడ వాడే పరిష్కారాలు.

మన ప్రాంతంలో ట్యూబు లేని టైర్లు ఉన్న యంత్రాలకు ఇవే పద్ధతులు వర్తిస్తాయి. చుట్టూ సబ్బు నీరు పోస్తే రంధ్రం ఉన్నచోటే బుడగ కనిపించడం ఇందులోని సౌలభ్యం. గాలిని నిలిపే ద్రవం సన్నని ముల్లు రంధ్రాలకు పనికివస్తుంది కాని పక్క గోడ చీలికకు, చిరిగిన వాల్వుకు పనికిరాదు. బరువు కోసం నీరు నింపిన టైరులో దానిని కలపరాదు. పాత టైరుకు ట్యూబు వేసేటప్పుడు లోపలి ముళ్లన్నిటినీ ముందుగా తీయాలి. ట్యూబు లేనప్పుడు హాని చేయని మొన, ట్యూబు వేసిన మొదటి రోజే దానిని గుచ్చుతుంది.

నీరు నింపిన టైర్లు

పట్టు కోసం వెనుక టైర్లలో నాలుగింట మూడు వంతులు నీరు నింపడం వాడుకలో ఉంది. 13.6-28 కొలత గల టైరులో ఈ నీరే 150 కిలోలకు పైగా తూగుతుంది. మినీ ట్రాక్టరు టైర్లలో ఇంతకంటే తక్కువే పట్టినా, నీరు తీయకుండా చక్రం విప్పడం ప్రమాదకరం. గాలి కొలిచేటప్పుడు వాల్వు పైన ఉండాలి, లేకుంటే నీరు గేజీలోకి చేరుతుంది. గాలి దిగడంతో పాటు రిమ్ము అంచున తడి కనిపిస్తే, రంధ్రం నీటి మట్టానికి కిందుగా ఉన్నట్లు అర్థం చేసుకోవాలి.

ప్రాణభద్రత

టైరు అంచు రిమ్ముపై కూర్చోకపోతే గాలి పెంచుతూ పోవడం అతి ప్రమాదకరమైన అలవాటు. ట్రాక్టరు టైరు అంచును కూర్చోబెట్టడానికి 35 పౌండ్లు మించి గాలి కొట్టరాదు. అప్పటికీ కూర్చోకపోతే గాలి తీసి, సబ్బు నీరు రాసి, మళ్లీ సరిచేయాలి. గాలి నింపేటప్పుడు టైరుకు ఎదురుగా గాని, దానిపై వంగి గాని ఉండరాదు. పొడవైన గొట్టంతో పక్కన నిలబడి నింపాలి. పిల్లలను దగ్గరకు రానీయరాదు. టైరు బిగించి ఉండగా రిమ్ముకు వెల్డింగు చేయరాదు. గాలి తీసివేసినా, లోపలి రబ్బరు వేడికి ఆవిరై మండి టైరు పేలవచ్చు.

నివారణ

- డొంకల్లో సర్కారు తుమ్మ కొట్టిన తరువాత కంపను దారికి దూరంగా కుప్ప వేయాలి.
- పత్తి కట్టెను నేలమట్టంగా కోయాలి, లేదా వేళ్లతో పీకాలి. కట్టెను ముక్కలు చేసే యంత్రంతో నేలలో కలిపితే మోళ్ల బెడద తగ్గడమే కాక సేంద్రియ పదార్థం పెరుగుతుంది.
- ప్రతి వాల్వుకు మూత ఉండాలి. రెండు పిన్నులు, ఒక గేజీ, ఒక పంపు పనిముట్ల పెట్టెలో ఉంచాలి.
- ఖరీఫుకు ముందు, మిరప నాట్లకు ముందు నాలుగు టైర్లనూ మూడు రోజుల పరీక్షకు పెట్టాలి.
- పని లేని కాలంలో యంత్రాన్ని నీడలో, దిమ్మెలపై లేపి ఉంచాలి.

యంత్రాలు అద్దెకిచ్చే సంఘాలు ప్రతి చక్రానికి ఒక పుట కేటాయించి, గాలి కొలిచిన తేదీ, అంకె, వేసిన ప్యాచ్‌ల వివరాలు రాసి ఉంచడం మేలు. ట్రాక్టర్ల నిర్వహణపై అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని కేంద్ర ప్రభుత్వ దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ శిక్షణ ఇస్తుంది. గ్రామీణ యువత దీనిని వినియోగించుకోవచ్చు.

ముగింపు

టైరులో గాలి దిగడం చిన్న లోపంగా కనిపించినా, దాని వెనుక ఒక నిర్దిష్టమైన కారణం ఉంటుంది. చల్లని వేళ కొలవడం, వాల్వుతో మొదలుపెట్టి వెదకడం, ట్యూబుతో పాటు టైరు లోపలి ముల్లు మొనను తీయడం అనే మూడు పనులు చేస్తే ఈ ప్రాంతంలో వచ్చే లోపాల్లో అధిక భాగం మొదటి మరమ్మతుతోనే తీరుతాయి. అప్పుడు పదును వచ్చిన రోజున యంత్రం పంక్చరు షాపు ముందు కాక పొలంలో ఉంటుంది.